ఏరు ఎదురు పారే దేశం

పిల్లలూ! కంబోడియా ఎప్పుడు చూడాలంటే చాలామంది, "వానలు లేనప్పుడు" అంటారు. నేనూ అలాగే అనుకుని ఏప్రిల్‌లో వెళ్ళాను. అంగ్‌కోర్ వాట్ ఆలయపు రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. టోన్లే సాప్ సరస్సులో మొలలోతు నీళ్ళే ఉన్నాయి. ఒడ్డున ఇళ్ళు మాత్రం మూడు నిలువుల గుంజల మీద ఉన్నాయి! "ఇంత ఎత్తెందుకు?" అని పడవవాణ్ణి అడిగాను. అతడు నవ్వి, గుంజ మీద తన తలకు చాలా పైనున్న నీటిచారను చూపాడు.

ఈ సరస్సు నుండి బయలుదేరే ఏరు మెకాంగ్ నదిలో కలుస్తుంది. మే నుండి అక్టోబరు వరకు అక్కడ వానకాలం. అప్పుడు మెకాంగ్ పొంగి ఏటిని వెనక్కు నెడుతుంది. ఏరు ఎదురు పారి సరస్సును నింపుతుంది! ఎండాకాలంలో సుమారు 2,500 చదరపు కిలోమీటర్లుండే సరస్సు, మంచి వరద వచ్చిన ఏట 10,000 దాటుతుంది. నీట మునిగిన అడవిలో చేపలు పెరుగుతాయి. అక్కడివారి కంచంలో అన్నమూ, చేపా ఆ నీటి చలవే.

కనుక మీరు నవంబరులో వెళ్ళండి. వాన వెలిసి ఉంటుంది. సరస్సు ఇంకా నిండుగా ఉంటుంది. మధ్యలో ఒక జల్లు పడి తడిసినా విసుక్కోకండి. మనం చూడబోయేది ఆ వాన కట్టిన దేశాన్నే!