ఇజాజత్

ఆదోనిలో మా ఆపా ఇంట్లో దావత్. భోజనాలయ్యాక భాంజా లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. "మామూ, ఎమ్మిగనూరులో ఒక బట్టల దుకాణానికి వెబ్‌సైట్ చేసినా, చూడండి" అన్నాడు. ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్న హునర్ వాడిది. దిల్ ఖుష్ అయింది.

పేజీ తెరవగానే పైన పెద్ద ఫోటో. గుంట మగ్గం, నాడె, దాని మీద ఒక ముసలాయన చేతులు. నా గుండె ఒక్కసారి ఆగింది. అది నేను తీసిన ఫోటో. మాచాని సోమప్ప చేనేత సొసైటీ పెట్టిన ఆ ఊరికి, చాలా ఏళ్ల కింద పేపర్ పనిమీద వెళ్లి తీసింది.

"ఇదెక్కడిది బేటా?"

"గూగుల్‌మే మిలా మామూ. ముఫ్త్ హై."

"మన మార్కెట్లో పత్తి కుప్పలు ఆరుబయటే ఉంటాయి. కనిపిస్తున్నాయని మూట కట్టుకుపోతామా?"

వాడి మొహం చిన్నబోయింది. ఫోటో తీసిన క్షణం నుంచే దాని మీద హక్ పుడుతుందని చెప్పాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయాల్సిన జరూరత్ లేదు, ఫోటో మీద గుర్తు వేయాల్సిన పనీ లేదు.

వాడు తక్కువవాడా? "అయితే అది మీదా, పేపర్ వాళ్లదా?" అని అడిగాడు. మంచి సవాల్. 17వ సెక్షన్‌లో జవాబ్ ఉంది. పేపర్‌లో నౌకరీ చేస్తూ దానికోసం తీసిన ఫోటోను పత్రికల్లో అచ్చేసుకునే హక్ యజమానిది. మిగతా హక్కులన్నీ తీసినవాడివే, వేరే ఒప్పందం లేకపోతే.

అప్పుడు వాడు తన బాధ చెప్పుకున్నాడు. దుకాణం సేఠ్ సగం పైసలిచ్చి, "పైసలిచ్చినా, సైటు నాదే. కోడంతా ఇచ్చేయ్, ఇంకొకరితో చేయించుకుంటా" అంటున్నాడట.

ఇందాక వాడిని ముజ్రిమ్ చేసిన చట్టమే ఇక్కడ వాడి వైపు నిలబడింది. వాడు సేఠ్ దగ్గర నౌకర్ కాదు. కంప్యూటర్ కోడ్ చట్టం లెక్కలో సాహిత్య రచనే, రాసినవాడే మొదటి హక్‌దార్. అది సేఠ్‌కు పోవాలంటే సంతకంతో రాతపూర్వకంగా రాసివ్వాలి. అందులో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే, ఎక్కడెక్కడో రాయకపోతే హిందుస్తాన్ వరకే. పైసలిచ్చి తీయించుకున్న ఫోటోకు మాత్రం కానూన్ వేరు. వేరే ఒప్పందం లేకపోతే అది పైసలిచ్చినవాడిదే.

"మరి రాసుకున్నారా?"

"లేదు మామూ. నోటిమాటే."

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని వచ్చే పనికోసం ఒక కాగజ్ తయారుచేసుకున్నాం. కోడ్ ఎవరిది, ఎప్పుడు చేతులు మారుతుంది, ఉజ్రత్ ఎంత, ఫోటోలు ఎవరు తెస్తారు, వాటికి ఇజాజత్ ఎవరి జిమ్మేదారీ. ఫాంట్ల సంగతీ రాశాం. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. సైటులో నిశ్చింతగా వాడుకోవచ్చు, ఫాంటును విడిగా మాత్రం అమ్ముకోకూడదు. ఇజాజత్ ఉన్న ముఫ్త్ వేరు, దొరికిన ముఫ్త్ వేరు.

మా ఉర్దూ స్కూల్లో ఎవరైనా షేర్ చదివి షాయర్ పేరు చెప్పకపోతే ఉస్తాద్ బెంచీ ఎక్కించేవారు. చట్టంలోని 57వ సెక్షన్ చదివినప్పుడు ఆయనే గుర్తొచ్చారు. హక్కులన్నీ అమ్ముకున్నా, ఇది నేను చేసిందే అని చెప్పుకునే హక్ మాత్రం చేసినవాడి దగ్గరే ఉంటుంది.

"ఫోటో ఉంచుకో, కింద నా పేరు రాయి" అని భాంజాకు ఇజాజత్ రాసిచ్చాను. వాడు నా పేరు టైప్ చేసి, ఆగి అడిగాడు.

"ఈ చేతులు ఎవరివి మామూ? ఆయన పేరు కూడా రాద్దాం."

నా దగ్గర జవాబ్ లేదు. ఆ రోజు ఆయన పేరు అడగలేదు. ఫోటో తీసుకోవచ్చా అని కూడా అడగలేదు. చట్టం ప్రకారం ఫోటో నాదే. భాంజా ముందు మాత్రం షర్మిందా అయ్యాను.

ఈ వారం ఎమ్మిగనూరు పోవాలి. ఆ ఫోటో ప్రింట్ పట్టుకుని, మగ్గాల వీధిలో అడగాలి.