రహీం మాస్టారి జట్టు

పిల్లలూ! రామగుండం స్టేషనులో ఓ గంట కూర్చుంటే ఎన్ని గూడ్సుబండ్లు పోతాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పెట్టె తరువాత పెట్టె, అన్నింటినిండా మన బొగ్గే. ఈ నెల మనం ఆ బండ్లను వాటి దారిన పోనిచ్చి, సికింద్రాబాదు పోయే బండి ఎక్కుదాం. దూరం సుమారు 225 కిలోమీటర్లు. చార్మినారు, గోల్కొండ మీకు ఎవరైనా చూపిస్తారు. నేను చూపించబోయేది వేరు. ఒకప్పుడు దేశంలో దానికి సాటి లేదనిపించుకున్న ఒక ఫుట్‌బాలు జట్టు పుట్టి పెరిగిన ఊరిని చూపిస్తాను.

మన దేశంలో గొప్ప ఫుట్‌బాలు జట్లు ఏవి అని అడిగితే మీలో ఆట తెలిసినవాళ్ళు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అంటారు. రెండూ కలకత్తావే. ఆ రెండింటినీ ఓడించి కప్పులు పట్టుకొచ్చిన జట్టు మన హైదరాబాదులో ఉండేది. దాని పేరు హైదరాబాదు సిటీ పోలీసు. ఆడినవాళ్ళు పోలీసు శాఖలో కొలువు చేసుకునేవాళ్ళు. ఆడించినవాడు ఒక బడిపంతులు!

బండి కదిలింది. పెద్దపల్లి, జమ్మికుంట దాటి కాజీపేట చేరేలోపల ఆ కప్పుల సంగతి చెబుతాను, వినండి.

ఆ రోజుల్లో పేరుమోసిన పోటీలు రెండు. డురాండ్ కప్పు 1888లో సిమ్లాలో మొదలై తరువాత ఢిల్లీకి వచ్చింది. ఆసియా ఖండంలో ఇప్పటికీ నడుస్తున్న ఫుట్‌బాలు పోటీల్లో అంతకన్న పాతది లేదు. రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో మొదలైంది. రెండింటినీ తెల్లదొరల కాలంలో సైనికుల జట్లకోసం పెట్టారు. తరువాత్తరువాత మనవాళ్ళు వాటిలో దిగి, గెలవడం నేర్చుకున్నారు.

మన పోలీసు జట్టు రోవర్స్ కప్పును 1950లో గెలిచింది. 1951లో గెలిచింది. 1952, 1953, 1954లలో కూడా గెలిచింది. వరసగా ఐదుసార్లు! ఇది ఎంత కష్టమో ఆలోచించండి. ఇటువంటి పోటీలో ఓడిన జట్టు మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోవలసిందే. మరునాడు దిద్దుకుంటామంటే వీలులేదు. ఒక్కరోజు కాలు జారినా అంతే. అటువంటి పోటీలోనుంచి ఐదేళ్ళపాటు ఆ జట్టును ఎవరూ బయటికి పంపలేకపోయారన్నమాట.

1957లో ఆ కప్పు మళ్ళీ మనదే అయింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది గదా. తరువాత జట్టు కూడా ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే పేరు పెట్టుకుంది. ఆ పేరుతో 1960లోనూ 1963లోనూ గెలిచింది. 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి కప్పును పంచుకుంది. డురాండ్ కప్పు చూడబోతే 1950, 1954, 1957, 1961 సంవత్సరాల్లో వచ్చింది. 1950లోనూ 1961లోనూ ఆఖరి ఆటలో ఓడింది మోహన్ బగాన్. 1957లో ఓడింది ఈస్ట్ బెంగాల్.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసి లెక్క వేయండి. రోవర్స్ తొమ్మిది, డురాండ్ నాలుగు. మొత్తం పదమూడు. 1950 నుంచి 1963 వరకు పద్నాలుగేళ్ళు. పద్నాలుగేళ్ళలో పదమూడు కప్పులు! మూడు సంవత్సరాల్లో రెండు కప్పులూ ఒకేసారి ఇల్లు చేరాయి. అవి ఏ సంవత్సరాలో మీరే పట్టుకోండి.

కాజీపేట వచ్చింది. ఇక్కడ బండి కాసేపు ఆగుతుంది. చాయ్ తాగేవాళ్ళు తాగండి. ఇక జట్టును ఆడించిన మాస్టారిని తలుచుకుందాం.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామవిద్యలో కూడా పట్టా తీసుకున్నారు. స్వయంగా ఫుట్‌బాలు బాగా ఆడేవారు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా ఈ పోలీసు జట్టుకు శిక్షకుడు ఆయనే. అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు. నాబోటి పాత పంతుళ్ళకు మాత్రం రహీం మాస్టారు అనుకోవడమే ఇష్టం.

జనగామ, భువనగిరి వైపు బండి పోతూ ఉండగా ఆయన పాఠం చెప్పిన తీరు చూద్దాం. బడిలో తెలివైన పిల్లవాడు ఒక్కడే అన్ని ప్రశ్నలకూ లేచి జవాబు చెబుతూ ఉంటే తక్కినవాళ్ళు నిద్రపోతారు. ఆటలోనూ అంతే. బాగా ఆడేవాడు బంతిని తన కాళ్ళ దగ్గరే పెట్టుకుని, ఒకణ్ణి తప్పించి, ఇద్దర్ని తప్పించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు గాని గోలు మాత్రం పడదు. రహీం మాస్టారు దీనికి మందు కనిపెట్టారు. బంతితో ఎవరినీ తప్పించుకుపోకూడదు, అందుకోగానే తోటివాడికి ఇచ్చేయాలి అనే నియమం మీద పోటీలు పెట్టారు. ఆ తరువాత మరో రకం పోటీ. ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే తన్నాలి! కుడికాలి వాటంవాడు మొదట్లో నవ్వులపాలవుతాడు. నెల పోయేసరికి వాడికి రెండు కుడికాళ్ళు ఉన్నట్టే.

ఇందులో ఉన్న కిటుకు మీరు ఇంటి దగ్గరే చూడవచ్చు. ఇద్దరు పిల్లలు ఇరవై అడుగుల ఎడంగా నిలబడి బంతిని ఒకరికొకరు తన్నుకోండి. మూడోవాణ్ణి మధ్యలో పెట్టి దాన్ని పట్టుకోమనండి. వాడు ఎంత చురుకైనవాడైనా రెండు నిమిషాల్లో రొప్పుతాడు. మనిషి పరుగుకన్న బంతి పరుగు వేగం. పైగా మనిషి అలసిపోతాడు, బంతి అలసిపోదు. రహీం మాస్టారి జట్టు ఆటంతా ఈ ఒక్క సూత్రం మీద నడిచింది.

ఇంకొక ముచ్చట. జట్టులో పదకొండుమంది. గోలు కాపలావాణ్ణి తీసేస్తే పదిమంది. పూర్వం ఈ పదిమందినీ వెనక ఇద్దరు, నడుమ ముగ్గురు, ముందు ఐదుగురుగా నిలబెట్టేవారు. వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురుగా నిలబెట్టే పద్ధతిని 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ జట్టు లోకానికి చూపించింది. అంతకు కొంచెం ముందే రహీం మాస్టారు మనవాళ్ళను ఆ తీరున ఆడించారని ఆట తెలిసినవాళ్ళు చెబుతారు. ఎదుటివాడు ఐదుగురితో మీదికి వస్తే వెనక ఇద్దరు ఏ మూలకు చాలుతారు? అదీ లెక్క!

అదుగో, ఘట్‌కేసర్ దాటాం, మౌలాలి వచ్చింది. ఇక సికింద్రాబాదే. ఈ ఊరికి దగ్గరలోనే అమ్ముగూడ ఉంది. తులసీదాస్ బలరాం అక్కడి కుర్రవాడు. పోలీసు జట్టువాడు కాడు గాని హైదరాబాదు రాష్ట్రం తరఫున ఆడి, దేశంలోకెల్లా మేటి ఆటగాళ్ళలో ఒకడై, రెండు ఒలింపిక్సు చూశాడు. 2023లో కన్నుమూశాడు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ పోటీలో కూడా 1956-57లోనూ 1957-58లోనూ గెలిచింది హైదరాబాదే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో మరొకసారి గెలిచాం.

బండి దిగి చాదర్‌ఘాట్ పోదాం. మూసీనది ఒడ్డున, వాహనాల రొదలో ఉన్న పేట ఇది. ఇక్కడ పాఠాలు చెప్పిన మాస్టారు ఏకంగా దేశం జట్టుకే గురువయ్యారు. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగితే మన జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చుకుంది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సుకు పోయి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడింది. అది చలిదేశం. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. ఆ తరువాతనే మన ఆటగాళ్ళందరికీ బూట్లు తప్పనిసరి చేశారు.

ఓడిపోయామని మాస్టారు కూర్చోలేదు. నాలుగేళ్ళు కష్టపడి 1956లో జట్టును మెల్బోర్న్‌కు తీసుకుపోయారు. అందులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాదువాళ్ళు ఎందరో ఉన్నారు. ఆస్ట్రేలియాను ఆస్ట్రేలియాలోనే 4-2తో ఓడించారు. ఒలింపిక్సు ఫుట్‌బాలులో ఆఖరి నలుగురిలోకి చేరిన మొదటి ఆసియా దేశం మనదే. అక్కడ మళ్ళీ ఎదురైంది ఎవరనుకున్నారు? ఆ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోలు మనవాళ్ళు వేశారు. చివరికి 4-1తో ఓడారు. ఓటమి ఓటమే. అయితే తొమ్మిది గోల్స్ తేడా నాలుగేళ్ళలో మూడుకు దిగింది. మార్కుల కాగితం చూసినప్పుడు పోయిన ఏటికన్న ఎంత మెరుగైందో కూడా చూడాలని నేను పిల్లలకు చెప్పేది ఇందుకే.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. అప్పటికే మాస్టారు జబ్బుతో ఉన్నారు. మొదటి ఆటలోనే మనవాళ్ళు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తరువాత థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును ఓడించి, ఆఖరి ఆటలో మళ్ళీ ఆ కొరియా ముందే నిలబడ్డారు. జర్నైల్ సింగ్ అసలు వెనక నిలబడి కాపాడేవాడు. తలకు దెబ్బ తగిలి కట్టు కట్టుకున్నాడు. మాస్టారు అతణ్ణి ముందు వరసలోకి పంపారు! ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు వేశారు. 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడు, 1963 జూన్ 11న, కేన్సరు జబ్బుతో రహీం మాస్టారు పోయారు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాలు స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు. పోలీసు జట్టుకూ రోవర్స్ కప్పు 1963లో వచ్చిందే ఆఖరు.

చాదర్‌ఘాట్ నుంచి బషీర్‌బాగ్ వచ్చి ఫతే మైదానం ముందు నిలబడదాం. 1687లో గోల్కొండ ముట్టడినాడు మొగలు సేనలు దిగిన చోటు. ఫతే అంటే గెలుపు. 1967లో దీనికి లాల్‌బహదూర్ స్టేడియం అని పేరు పెట్టారు. ఇక్కడ నిలబడి ఒక్క ప్రశ్న వేసుకుందాం. అంత గొప్ప జట్టు ఏమైపోయింది?

కారణం ఒకటి కాదు. మంచి ఆటగాళ్ళు కలకత్తా జట్లలో చేరిపోయారు. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కే పోయాడు. నగరం పెరిగి, పేటల్లోని ఖాళీ స్థలాలు ఇళ్ళకిందికి పోయాయి. 1983లో మన క్రికెట్టు జట్టు ప్రపంచ కప్పు గెలిచాక పిల్లల చేతుల్లోకి బ్యాటు వచ్చింది. అన్నిటికన్న పెద్ద లోటు మరొకటి ఉంది. మాస్టారు పోయాక ఆ పాఠాన్ని అదే పట్టుదలతో చెప్పేవాళ్ళు కరువయ్యారు.

మళ్ళీ ఆశ పుట్టకపోలేదు. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే జీతాల జట్టు ఏర్పడి, గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియంను సొంత మైదానం చేసుకుంది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఊరంతా సంబరపడింది. మూడేళ్ళు తిరిగేసరికి, 2025లో, ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరే మార్చుకుంది. డబ్బు పెట్టి తెచ్చిన జట్టు డబ్బుతోపాటు పోగలదు. మన పిల్లల కాళ్ళలోకి వచ్చిన ఆటను మాత్రం ఎవరూ పట్టుకుపోలేరు. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యను చూడండి. భారత మహిళల జట్టులో ఆడింది. 2022లో ఐరోపాలోని క్రొయేషియాకు పోయి అక్కడి జట్టులో కూడా చేరింది. కనుక ఆడపిల్లలూ, ఈ మాట మీకూ వర్తిస్తుంది.

మన బొగ్గుబాయిల ఊళ్ళో మైదానాలకు కరువు లేదు. గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది, కాలనీల్లో ఖాళీ జాగాలు ఉన్నాయి. సింగరేణి కార్మికులకు ఏటా ఆటల పోటీలు జరుగుతాయి. మూడు షిఫ్టుల పని చేస్తూనే వాళ్ళు ఆడుతున్నారు. పెద్దలకు నాదొక మనవి. సాయంత్రం ఓ గంట పిల్లల్ని మైదానానికి వదలండి. వీలైతే మీరూ పోయి గట్టున కూర్చోండి.

పిల్లలూ, మీకు ఈ నెల ఇంటిపని ఇది. నాలుగు ఇటుకలు పెట్టి రెండువైపులా గోళ్ళు చేసుకోండి. ఇటు ఏడుగురు, అటు ఏడుగురు నిలబడండి. ఎడమకాలితోనే తన్నాలి. ఎడమకాలి వాటంవాళ్ళు మాత్రం కుడికాలితో తన్నాలి. బంతి అందగానే తోటివాడికి ఇచ్చేయాలి. నియమం తప్పితే బంతి అవతలివాళ్ళది. వారం రోజులు ఇలా ఆడి, మొదటిరోజు ఎన్ని గోల్స్ పడ్డాయో, ఏడోరోజు ఎన్ని పడ్డాయో రాసిపెట్టుకుని, ఆ లెక్క ఒక కార్డుమీద మన పత్రికకు పంపండి.