జడ్జిగారి ఇల్లాలు

వదినా,

లాంకాస్టర్‌లో రైలెక్కి అల్వర్‌స్టన్ వచ్చాను. దారిలో రైలు రెండుచోట్ల సముద్రపు పాయల మీది వంతెనలు దాటుతుంది. కిందికి చూద్దును కదా, నీళ్లే లేవు! ఆటుకి సముద్రం మైళ్ల దూరం వెనక్కి పోయి, కనుచూపు మేరా తడి ఇసుకే. రైలు లేని రోజుల్లో జనం ఈ ఇసుక మీదే గుర్రాలతో, బండ్లతో దాటేవారు. మధ్యలో ఊబులు. పోటు మొదలైతే గుర్రం కూడా తప్పించుకోలేదంటారు. అందుకే దారి చూపడానికి రాజుగారి తరఫున ఒక మనిషి ఉండేవాడు. ఆ కొలువు నేటికీ ఉంది.

1652లో థామస్ ఫెల్ అనే జడ్జిగారు ఈ ఇసుక మీదుగా ఇంటికి వస్తుంటే, ఊరి పెద్దలు గుర్రాల మీద ఎదురెళ్లారు. మీ ఇల్లాలికీ పిల్లలకీ ఎవడో మందు పెట్టాడు, చేయి దాటిపోయింది అని చెప్పారు. ఆ ‘ఎవడో’ జార్జ్ ఫాక్స్. నేతగాడి కొడుకు, చెప్పులు కుట్టేవాడి దగ్గర పని నేర్చినవాడు. దేవుడి వెలుగు ప్రతి మనిషి లోపలా ఉండగా మధ్యలో పాదిరీ ఎందుకని ఊరూరా అడిగేవాడు. జడ్జి ముందైనా టోపీ తీయడు. ఇక్కడి చర్చిలో బల్లెక్కి అతను మాట్లాడుతుంటే, జడ్జిగారి భార్య మార్గరెట్ కూలబడి ఏడ్చింది.

ఆ రాత్రి ఏ గొడవా జరగలేదు. జడ్జిగారు భార్య మాటా విన్నారు, ఫాక్స్ మాటా విన్నారు. మతం మారలేదు కానీ, స్వార్త్‌మూర్ హాల్ అనే తన ఇంట్లోనే ఫాక్స్ అనుచరులైన క్వేకర్లను కూడనిచ్చారు. వాళ్లు ఒక గదిలో కూర్చుంటే ఆయన పక్క గదిలో తలుపు తెరిచి పెట్టుకుని వినేవారట. ఎంత గడుసు పెద్దమనిషో చూడండి! 1658లో ఆయన పోవడంతో ఆ అండ పోయింది.

నన్నడిగితే ఫాక్స్ నిప్పు రాజేశాడు గానీ, ఆరకుండా కాపాడింది మార్గరెట్టే. ఎనిమిదిమంది పిల్లల తల్లి. ఊళ్లు తిరిగే బోధకులకు ఉత్తరాలు రాసేది, జైళ్లలో ఉన్నవాళ్ల కోసం చందాలు పోగుచేసేది. 1660లో లండన్ వెళ్లి రెండో చార్లెస్ రాజుకే మొర పెట్టుకుంది. 1664లో తననే పట్టుకున్నారు. ఇంట్లో సభలు పెట్టింది, రాజభక్తి ప్రమాణం చేయనంది. ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్లకు ఒట్టెందుకని క్వేకర్ల వాదం. ఆస్తి జప్తు అన్నారు, యావజ్జీవం అన్నారు. లాంకాస్టర్ కోటలో నాలుగేళ్లు గడిపింది. అక్కడుండగానే, 1666లో, దేవుడి సభలో ఆడవాళ్లు మాట్లాడవచ్చని బైబిల్ నుంచే రుజువులు చూపే పుస్తకం వేయించింది.

1669లో ఫాక్స్‌ని పెళ్లాడింది. ఆవిడకు యాభై అయిదు, అతనికి పదేళ్లు తక్కువ. ఆవిడ ఆస్తి జోలికి రానని అతను ముందే ఒప్పుకున్నాడు. మన పెళ్లిచూపుల్లో ఈ మాట విన్నామా?

స్వార్త్‌మూర్ హాల్‌కి దగ్గర్లోనే 1688లో ఫాక్స్ ఇచ్చిన ప్రార్థనాలయం ఉంది. ఆదివారం వెళ్లి కూర్చున్నాను. పాదిరీ లేడు, పాట లేదు. చాలాసేపటికి వెనకనుంచి ఒకావిడ లేచి రెండు ముక్కలు మాట్లాడి కూర్చుంది. ఎవరూ బదులు చెప్పలేదు, ఆవిడా ఎదురుచూడలేదు.

క్వేకర్లందరూ ఒకే రంగు బట్ట కట్టాలనే నియమం పుట్టుకొస్తుంటే, 1700లో ఎనభై దాటిన మార్గరెట్ మండిపడుతూ ఉత్తరం రాసింది. రెండేళ్లకు కన్నుమూసింది. ఆ తర్వాతి క్వేకర్ల బొమ్మలు చూస్తే మాత్రం అందరూ బూడిదరంగులోనే కనిపిస్తారు.

మీ మరిది