చెల్లు వేయించుకోని లక్ష రూపాయలు

మా చేబ్రోలులో ప్రోనోటు మీద తెచ్చిన అప్పు తీర్చేవాళ్ళెవరూ ఊరికే డబ్బు చేతిలో పెట్టి రారు. కొంత కడితే నోటు వెనక చెల్లు వేయించుకుంటారు. మొత్తం కడితే నోటు వెనక్కి తీసుకుని అక్కడే చింపేస్తారు. చదువురాని మా నాయనమ్మకు కూడా తెలిసిన పద్ధతి ఇది. అలాంటి ఊళ్ళో పుట్టి పెరిగిన నేను ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు సెటిల్‌మెంట్‌లో చిన్న కాగితం ముక్క కూడా తీసుకోకుండా లక్ష రూపాయలు ఇచ్చేశాను. నాలా ఇంకొకరు నష్టపోకూడదని ఇది రాస్తున్నాను.

గుంటూరు - పొన్నూరు రోడ్డు పక్కన నాకు కిరాణా కొట్టు ఉంది. సరుకు పెంచుదామని బిజినెస్ లోన్ తీసుకున్నాను. కరోనా రోజుల్లో ఇచ్చిన అరువులు వసూలు కాక వాయిదాలు తప్పాయి. అసలు, వడ్డీ, పెనాల్టీలు కలిసి బాకీ లక్షా ఎనభై వేలకు చేరింది. కంపెనీ వాళ్ళు ఫోన్లు చేస్తే ఎత్తలేదు. ఇంట్లోనూ చెప్పలేదు. అప్పుడే నా పరిస్థితి రాసిచ్చి, వాయిదాలు తగ్గించి గడువు పెంచమని అడగవలసింది.

చివరికి వసూలు కుర్రాడు కొట్టుకే వచ్చాడు. సాయంత్రం బేరాల వేళ. తిట్టలేదు, అరవలేదు. సరుకులకోసం నిలబడ్డవాళ్ళ మధ్యకు వచ్చి నా పేరూ బాకీ మొత్తమూ పైకి చదివాడు. కందిపప్పు పొట్లానికి దారం చుడుతున్న నా చేతులు ఆగిపోయాయి. పప్పు కొనడానికి వచ్చినావిడ తల పక్కకు తిప్పుకుంది. "బాబాయ్ గారూ, మా మేనేజరుతో మాట్లాడాను. ఇవాళే లక్ష కడితే ఫైలు మూసేస్తాం. రేపైతే ఈ ఆఫరు ఉండదు" అన్నాడు. బావమరిది దగ్గర చేబదులు తెచ్చి, ఆ కుర్రాడు చెప్పిన నంబరుకే ఫోన్‌పే చేశాను.

తర్వాతి నెల బ్యాంకు ఖాతా నుంచి వాయిదా లాగబోయారు. డబ్బు లేక బౌన్స్ చార్జీ పడింది. ఇంకో ఏజెన్సీ వాళ్ళు ఫోన్ చేసి బాకీ మొత్తం అలాగే ఉందన్నారు. ఆ కుర్రాడి ఫోన్ స్విచాఫ్. రిటైరైన బ్యాంకు ఉద్యోగి, మా పెద్దనాన్న కొడుకు ఒకడున్నాడు. గోడు వెళ్ళబోసుకుంటే అన్నయ్య ఒక్కటే అడిగాడు: "డబ్బు ఎవరి ఖాతాలో పడిందిరా?"

ఆ ప్రశ్నతో నాకు తెలిసొచ్చింది. ఆ సాయంత్రం నేను అప్పు గురించి బేరమాడనే లేదు. ఆ మనిషి నా కొట్టు ముందు నుంచి కదిలితే చాలనుకుని లక్ష ఇచ్చాను. నా పరువు నాకెంత ముఖ్యమో అతనికి బాగా తెలుసు. అతనికి ఉన్న అధికారం ఎంతో నేను అడగలేదు.

నిజానికి అతనికి ఏ అధికారమూ లేదు. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం రాజీ సెటిల్‌మెంట్‌ను ఆ అప్పు మంజూరు చేసిన అధికారి కన్నా కనీసం ఒక మెట్టు పైవాళ్ళే ఆమోదించాలి. వసూలుకొచ్చిన ఏజెంటు కబురు మోసేవాడే. అతని దగ్గర గుర్తింపు కార్డూ కంపెనీ ఇచ్చిన అధికార పత్రమూ ఉండాలి. 2022 ఆగస్టు 12 నాటి సర్క్యులర్ ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు.

గడపలో నిలబడి అడిగితే మనిషి ఎంత నలిగిపోతాడో మన రాష్ట్రానికి ముందే తెలుసు. మైక్రోఫైనాన్స్ వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు పోయాకే 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదాలు ఇళ్ళ దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోట వసూలు చేయాలంది. నా అప్పు ఆ కోవలోకి రాదు. అయినా అందులోని జ్ఞానం అందరికీ పనికొస్తుంది. బేరం ఎక్కడ కూర్చుని చేయాలో ముందు మనం తేల్చుకోవాలి.

అన్నయ్య దగ్గరుండి నా చేత కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఉత్తరం రాయించాడు, ఫోన్‌పే రసీదు జతచేయించాడు. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఖర్చు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు. నేను అదే చేశాను. ఆఖరికి కంపెనీ వాళ్ళు నా లక్ష జమ చేసుకుని, ఇంకో ముప్పై వేలకు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. గుంటూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కూ వెళ్ళవచ్చు. కేసు పడకముందే వెళ్ళవచ్చు, ఫీజు ఉండదు. అక్కడి తీర్పుకు కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది, అప్పీలు లేదు. అందుకని కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోవాలి.

సెటిల్‌మెంట్ లెటర్ కంపెనీ లెటర్‌హెడ్ మీదే ఉండాలి. లోన్ నంబరు, కట్టవలసిన మొత్తం, ఆఖరు తేదీ, మిగతా బాకీ మాఫీ అన్న మాట, ఖాతా నుంచి వాయిదా లాగే ఏర్పాటు రద్దు, ఇచ్చిన చెక్కుల వాపసు, జామీను ఉన్నవాళ్ళ విడుదల, ఇవన్నీ అందులో రాయించుకోండి. డబ్బు లోన్ ఖాతాకే కట్టండి. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి. సిబిల్‌లో ఆ అప్పు ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాత అప్పు పుట్టడం కష్టమవుతుంది. అది తెలిసే ఒప్పుకోండి.

వీటన్నిటికన్నా ముందు ఇంట్లో చెప్పండి. నా భార్యకు ముందే చెప్పి ఉంటే ఆ సాయంత్రం కొట్లోంచి లేచి వచ్చి "కాగితం తెచ్చి మాట్లాడు బాబూ" అని ఉండేది. ఆ ఒక్క మాట అనడానికి నాకు పక్కన ఒక మనిషి కావలసి వచ్చింది. మీ పక్కన ఆ మనిషిని ముందే నిలబెట్టుకోండి.