మా పెద్దోడి అమానత్



ఈసారి చేపల గురించి రాస్తున్నాను. దస్తర్‌ఖాన్ మీదికి వచ్చే చేపలు కాదు, గాజు తొట్టిలో పెంచేవి. చదివాక ‘మాస్టారు రోజా ఉండి జూఠ్ మాట్లాడాడా!’ అని మీరు అనుకుంటారు. మాట్లాడాను. అందుకే రాస్తున్నాను.

మా పెద్దోడికి టెన్త్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలంలో ఈ షౌక్ పట్టుకుంది. ఈదీ డబ్బులన్నీ దాచిపెట్టుకుని నాలుగడుగుల తొట్టి కొన్నాడు. రెండొందల యాభై లీటర్లు పడుతుంది. ‘ఆఫ్రికా సిక్లిడ్లు పెంచుతా అబ్బా’ అన్నాడు. నేను లెక్కల మాస్టర్ని. నాకు చేపలంటే ఫ్రై, పులుసు, అంతే. ‘ఐఐటీకి కూర్చోవాల్సినోడివి, ఇదేం పని’ అని కసిరాను. వాళ్ళమ్మీ అడ్డం పడింది.

వాడు చెప్పింది వింటే నాకే ఆశ్చర్యమైంది. మా కర్నూలు బోరు నీళ్ళు మీకు తెలుసు కదా. కందిపప్పు ఉడకదు, గీజర్ కాయిల్ మీద సున్నం గడ్డకడుతుంది. చాలా రకాల చేపలకు ఆ నీళ్ళు పడవు. ఈ సిక్లిడ్లకు మాత్రం అవే కావాలట. ఇవి ఆఫ్రికాలోని మలావీ సరస్సువి. ఆ సరస్సు నీళ్ళు కూడా క్షారం నీళ్ళే, పీహెచ్ ఎనిమిదికి అటూ ఇటూ. రాళ్ళ సందుల్లో బతికే జాతి కాబట్టి తొట్టిలో రాళ్ళు పేర్చాలి. మా మహల్లాలో ఎవరో ఇల్లు కట్టుకుంటుంటే మిగిలిన బేతంచెర్ల బండ ముక్కలు ఏరుకొచ్చాడు. నిమ్మకాయ పిండితే నురగ వచ్చింది. ‘చూశారా, సున్నపురాయి. నీళ్ళను ఇంకా మంచిగా ఉంచుతుంది’ అన్నాడు. వాటిని గుహల్లా పేర్చి, చెన్నై కొళత్తూరు నుంచి వచ్చిన పన్నెండు పిల్లల్ని వదిలాడు. ఎలక్ట్రిక్ ఎల్లో అంటారు. ఒళ్ళంతా పసుపు, వీపు రెక్క మీద నల్లటి గీత. మా దివాన్‌ఖానాలో పన్నెండు నిమ్మపళ్ళు ఈదుతున్నట్టు ఉండేది.

జూన్ వచ్చింది. వాడిని విజయవాడలో ఇంటర్ హాస్టల్లో వేశాను. వేశాను అనే అంటున్నాను, వాడు వెళ్ళలేదు. పోయే ముందు నోటుబుక్కులో ఒక పేజీ రాసి నా చేతికిచ్చాడు. రోజుకు రెండు చిటికెల స్పైరులినా గింజలు. ఎర్ర పురుగులు పెట్టొద్దు, పొట్ట ఉబ్బి చస్తాయి. వారానికోసారి పావువంతు నీళ్ళు మార్చాలి, బోరు నీళ్ళే. చివర్లో గీత కొట్టి: ఫిల్టర్ ముట్టుకోవద్దు, సెలవుల్లో వచ్చి నేను చూసుకుంటా.

‘యే ఆప్‌కే పాస్ అమానత్ హై అబ్బా’ అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను.

ప్రతి ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఫోన్ ఇచ్చేవాళ్ళు. వాడు మొదట అడిగే మాట ఒకటే. ‘మఛ్లియా కైసే హై అబ్బా?’ నేను వీక్లీ టెస్టు మార్కులు అడిగేవాణ్ణి. ‘సబ్ ఖైరియత్’ అనేవాడు. పది నిమిషాలు అయిపోయేవి.

రమజాన్ ముందు మన ఇళ్ళల్లో సఫాయీ ఎలా ఉంటుందో తెలుసు కదా. కర్టెన్లు, తివాచీలు, బూజు, అన్నీ. ఆ రోజు మా ఇంట్లో నా వంతుకు తొట్టి వచ్చింది. ఫిల్టర్ స్పాంజి తీసి చూస్తే గోధుమ రంగు బురద. ఇంత గలీజు నీళ్ళలో చేపలు ఎట్లా బతుకుతాయని మునిసిపల్ కుళాయి కింద పెట్టి, తెల్లగా మెరిసేదాకా పిండి పిండి కడిగాను. కుళాయి నీళ్ళలో ఆ రోజు బ్లీచింగ్ వాసన గుప్పుమంటోంది. పుణ్యం చేసినట్టు ఫీలయ్యాను.

ఆ గలీజే తొట్టికి ప్రాణమని నాకు తెలీదు. చేపల మలమూత్రాల నుంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఆ స్పాంజిలో కాపురం ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొంచెం ఉన్నా చేపలు తట్టుకుంటాయి. క్లోరిన్ నీళ్ళతో ఆ బాక్టీరియాను నేనే కడిగి పారేశాను. పైగా పీహెచ్ ఎక్కువున్న నీళ్ళలో అమ్మోనియా ఇంకా ఎక్కువ విషమౌతుంది. ఏ నీళ్ళయితే ఈ చేపలకు నప్పాయో, ఆ నీళ్ళే నా తప్పును రెట్టింపు చేశాయి.

నాలుగో రోజాకు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. మొప్పలు ఎర్రబడ్డాయి. సహరీకి లేస్తే రెండు తేలి ఉన్నాయి. వాడి టెస్ట్ కిట్ తీసి చూస్తే, పసుపు రావాల్సిన చోట ముదురు ఆకుపచ్చ వచ్చింది. చేపల షాపతను చెప్పినట్టు మేత ఆపాను, రోజూ సగం నీళ్ళు మార్చాను, అతని తొట్టిలో నడుస్తున్న పాత స్పాంజి ఒకటి తెచ్చి వేశాను. అయినా ఏడో రోజా వచ్చేసరికి ఏడు పోయాయి. లెక్కల మాస్టర్ని కదా, పన్నెండులోంచి ఏడు తీసేస్తే ఎంతో నాకు వెంటనే తెలిసింది.

ఆదివారం ఫోన్ వచ్చింది. ‘మఛ్లియా కైసే హై అబ్బా?’

‘సబ్ అచ్ఛే హై బేటా. అల్‌హమ్దులిల్లా.’

అబద్ధానికి అల్‌హమ్దులిల్లా కూడా కలిపాను, రోజాలో ఉండి. ఇఫ్తార్ దగ్గర ఖజూర్ నోట్లో పెట్టుకుంటే గొంతు దిగలేదు. వాళ్ళమ్మీ నా వైపు చూసి ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువ తకలీఫ్ పెట్టింది.

పండక్కి వాడొచ్చేలోగా అదే సైజువి ఏడు తెచ్చి వదిలేద్దామనుకున్నాను. షాపతనికి అడ్వాన్స్ కూడా ఇచ్చాను. ఈలోపు, పన్నెండో రోజా అనుకుంటా, మిగిలిన ఐదింటిలో ఒకటి మేత ముట్టడం లేదు. గొంతు కింద ఉబ్బింది, దవడలు ఏదో నములుతున్నట్టు ఆడిస్తోంది. ఇదీ పోతుందనుకుని వీడియో తీసి షాపతనికి పంపాను. ‘జబ్బు కాదు సార్, ముబారక్. నోట్లో గుడ్లున్నాయి’ అన్నాడు.

తరావీహ్ అయ్యాక కూర్చుని ఈ జాతి గురించి చదవడం మొదలుపెట్టాను. ఆడది గుడ్డు పెట్టగానే నోట్లోకి తీసుకుంటుంది. మగదాని కింది రెక్క మీద గుడ్ల లాంటి చుక్కలుంటాయి. అవీ గుడ్లే అనుకుని నోరు దగ్గరికి పెడితే, అప్పుడు మగదాని బీజం నోట్లోకి చేరి గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. ఆ తర్వాత మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా కొన్ని రోజులు, పిల్లలు సొంతంగా ఈదేదాకా తల్లి దాదాపు ఏమీ తినదు. మలావీ సరస్సు ఒడ్డున యావో ముసల్మానులు చాలామంది ఉంటారని కూడా అప్పుడే తెలిసింది. ఆ నెలలో వాళ్ళూ రోజాల్లోనే ఉండి ఉంటారు.

ఇరవయ్యో రోజాకు షాపతను ఫోన్ చేశాడు, ఏడు చేపలు వచ్చాయని. పోయి చూశాను. రంగు, సైజు అన్నీ సరిపోయాయి. తీసుకోబోతుంటే అతనే అన్నాడు: ‘తల్లి నోట్లో పెట్టుకుని ఉన్నప్పుడు కొత్తవి వదిలితే కొట్లాటలౌతాయి సార్. బెదిరితే గుడ్లు ఉమ్మేస్తుంది, లేదా మింగేస్తుంది.’

నా జూఠ్ నిలబడాలంటే దాని పిల్లలు పోవాలి. ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను.

ఆ ఆదివారం వాడు అడగకముందే చెప్పేశాను. ఏడు పోయాయి బేటా, పోయినసారి నీకు అబద్ధం చెప్పాను, మాఫ్ కర్‌దే అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. వాడికున్నదే పది నిమిషాలు.

‘ఫిల్టర్ ధోయే క్యా అబ్బా?’

‘హా.’

‘నల్ కే పానీ సే?’

‘హా బేటా.’

మళ్ళీ మౌనం. తర్వాత వాడి గొంతు మారింది. ‘మై బీ ఏక్ బాత్ ఛుపాయా అబ్బా.’

మూడు నెలలుగా వాడికి రాత్రుళ్ళు నిద్ర లేదట. ఫిజిక్స్ టెస్టులన్నీ పోయాయట. వెనక సెక్షన్‌లోకి మార్చారట. ప్రతి ఆదివారం ‘సబ్ ఖైరియత్’ అన్నది అంతా ఉత్తదే. నా చేపల జవాబూ వాడి మార్కుల జవాబూ ఒకటే రకం. తొట్టి దగ్గర పైకొచ్చి నోరు తెరిచిన చేపను నేను చూశాను. ఫోన్లో నా కొడుకు గొంతులో అది నాకు వినపడలేదు.

పండక్కి రెండు రోజుల ముందు వాడు ఇంటికొచ్చాడు. బ్యాగు కూడా దించకుండా తొట్టి ముందు కూర్చున్నాడు. లెక్కపెట్టలేదు. ఆ తల్లినే చూస్తూ ఉండిపోయాడు. ఈద్ రాత్రి లైట్లన్నీ ఆపేసి, నేను టార్చి పట్టుకుంటే, వాడు వలతో నెమ్మదిగా దాన్ని చిన్న తొట్టిలోకి మార్చాడు. అదే తొట్టి నీళ్ళు, పాత స్పాంజి ముక్క, దాక్కోవడానికి రెండు రాళ్ళు. మూడో రోజు ఫజర్ నమాజ్ అయ్యాక చూస్తే రాళ్ళ మధ్య సెంటీమీటరంత పసుపు చుక్కలు. వాడు లెక్కపెట్టాడు, నేనూ లెక్కపెట్టాను. పద్నాలుగు. తల్లి వెన్ను సన్నబడి, తల మాత్రం పెద్దగా కనిపిస్తోంది. ముందు దానికి మేత వెయ్యమన్నాడు.

ఇప్పుడు వాడు ఇక్కడే కర్నూల్లో ఒక మామూలు కాలేజీలో సెకండియర్. ఐఐటీ సంగతి నేను ఎత్తడం లేదు, వాడెత్తితే వింటాను. బంధువుల్లో కొందరు ‘నోటికాడి సీటు పాడుచేశావు’ అంటున్నారు. అననీ. వాడు రాత్రిపూట నిద్రపోతున్నాడు.

మీ ఇంట్లో తొట్టి ఉంటే ఒక మాట. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఒకసారి ముంచి పిండండి, చాలు. మీ పిల్లలు హాస్టల్లో ఉంటే ఇంకో మాట. ఫోన్ రాగానే మార్కులు అడక్కండి. ‘సబ్ ఖైరియత్’ అంటే, రాత్రి నిద్ర పట్టిందా అని ఇంకోసారి అడగండి.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.