చెంబు మీద పేరు

మా ఇంట్లోకి భోజనాల బల్ల వచ్చి రెండేళ్లయింది. మేమిద్దరం తాండాలో పుట్టి, నేల మీద బాసింపట్టు వేసుకుని బాటి తిన్నవాళ్లమే. ఉద్యోగాలొచ్చి నరసరావుపేటలో ఇల్లు కట్టుకున్నాక, మోకాళ్ల నొప్పులతో కూర్చోలేక లేవలేక అవస్థ పడుతున్న యాడి కోసం బల్ల కొన్నాం. బల్ల అయితే వచ్చింది గానీ దాని మీద పెట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ జగ్గు, నాలుగు స్టీలు గిన్నెలు తప్ప ఇంకేం లేవు. ఒకరోజు మా పెద్దమ్మాయి అడిగింది, "మనదంటూ పాత సామాను ఒక్కటి కూడా లేదా?" అని.

మేం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. లేదని చెబితే అబద్ధం. ఒకప్పుడు ఉండేది. మేమే దాన్ని తిన్నాం, చదివాం, కట్టుకున్నాం.

మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగారు. తిరిగేవాళ్లకు మట్టికుండతో కష్టం. దించి ఎక్కించేటప్పుడు పగిలిపోతుంది. ఇత్తడి చెంబు కింద పడితే సొట్ట పడుతుంది, కొట్టిస్తే మళ్లీ సాపవుతుంది. పైగా అది చేతిలో ఉన్న రొక్కం లాంటిది. కరువొస్తే తాకట్టు పెట్టుకోవచ్చు. కంచు థాళీ సంగతి మీకు తెలిసిందే. నంగారా పక్కన పుల్లతో వాయిస్తే అది పాటకు తోడవుతుంది. బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల్లో నల్లమల అంచున మన పక్కనే ఉండే చెంచు అన్నలకు ఎండిన సొరబుర్రే నీళ్ల కూజా, అడవి ఆకే విస్తరి. ఎవరి బతుక్కు తగ్గ పాత్ర వాళ్లు ఎంచుకున్నారు. ఇది బాగుందా లేదా అని కాదు, ఇది మనతో నడుస్తుందా అని చూశారు.

యాడి కాపురానికి వచ్చినప్పుడు ఇంట్లో రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం, ఒక గుండ్రటి చెంబు, ఒక థాళీ ఉండేవట. మిరప తోట పోయిన ఏడాది బిందెలు పోయాయి. మమ్మల్ని హాస్టల్లో చేర్చేటప్పుడు ట్రంకుపెట్టె, దుప్పటి కొనడానికి గంగాళం పోయింది. టీచర్ ట్రైనింగు ఫీజుకు చెంబూ థాళీ కలిపి పోయాయి. బా వాటిని గోతంలో కట్టుకుని మాచర్ల తీసుకెళ్లి కాటాకు వేసి వచ్చాడు. ఆ కాటా మీద పనితనానికి ధర లేదు, వయసుకు ధర లేదు. కిలో ఇంత అంతే. ఆ సాయంత్రం యాడి కొత్త ప్లాస్టిక్ బిందెతో నీళ్లు తెచ్చింది. తేలిగ్గా ఉందని సంతోషపడింది కూడా. అందుకే పాత సామాను అమ్ముకున్నవాళ్లు తెలివితక్కువవాళ్లని ఎవరైనా అంటే మాకు కోపం వస్తుంది. ఆ గంగాళం లేకపోతే ఈ వ్యాసం రాసే చేతికి అక్షరం వచ్చేది కాదు.

అమ్మాయి అడిగిన తర్వాత సెలవుల్లో గుంటూరులో, హైదరాబాదులో పాత సామాన్ల కొట్లు తిరిగాం. బా కిలోల లెక్కన అమ్మిన లాంటివే అక్కడ యాంటిక్ అనీ, వింటేజ్ అనీ పేరు పెట్టుకుని అద్దాల వెనక కూర్చున్నాయి. నిజానికి మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్లు నిండాలి. కొట్టువాడు చెప్పే వందేళ్లకు ఆధారం చాలాసార్లు వాడి నోరే. అందుకని మేం వయసు అడగడం మానేసి వస్తువును చూడటం నేర్చుకున్నాం. మీలో ఎవరైనా కొనాలనుకుంటే పనికొస్తుందని చెబుతున్నాం.

జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లండి. ఇత్తడికీ, రాగికీ, కంచుకీ అది అంటుకోదు. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూత. తర్వాత అరుగుదల చూడండి. నిజంగా వాడిన చెంబు అడుగున, అంచు దగ్గర, చెయ్యి పట్టే చోట నున్నగా అరిగి ఉంటుంది. మందు పూసి నల్లబరిచిన కొత్త చెంబు అన్నిచోట్లా ఒకేలా నల్లగా ఉంటుంది. వేలితో తట్టి వినండి. కంచు చాలాసేపు మోగుతుంది. బొంగురుగా పలికితే ఎక్కడో చీలిక ఉన్నట్టే. కంచు ఇత్తడిలా సొట్టపడి ఊరుకోదు, గట్టిగా పడితే పగులుతుంది. పింగాణీ జాడీని కూడా ఇలాగే తట్టి చూడాలి.

ఇక తిండికి వాడేదైతే లోపలి వైపు ముఖ్యం. చింతపండు చారు, మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు లాంటి పుల్లటివి ఇత్తడిలో, రాగిలో పోస్తే చిలుము పడుతుంది, అది ఒంటికి మంచిది కాదు. దానికోసమే పూర్వం కళాయి వేయించేవాళ్లు. పాత్రను బాగా కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా రుద్దుతారు. కళాయి పోయి లోపల పసుపు రంగు కనిపిస్తుంటే మళ్లీ వేయించండి. తగరంలో సీసం కలపని మనిషి దగ్గరే వేయించండి. అతుకుల దగ్గర బూడిదరంగు టంకం కనిపించే పాత జగ్గుల్లో కూడా సీసం ఉండొచ్చు. అలాంటిది పూలు పెట్టుకోవడానికే వాడండి. కళాయి ఉన్న పాత్రను స్టీలు పీచుతో తోమొద్దు.

పాతదే కావాలన్న పట్టింపు లేకపోతే చేతిపని ఇంకా బతికే ఉంది. శ్రీకాకుళం జిల్లా బుడితిలో, గోదావరి వైపు అజ్జరంలో ఇత్తడి పనివాళ్లు ఉన్నారు. అద్దాల కొట్లో పెట్టే డబ్బు ఆ సుత్తి పట్టిన చేతికి ఇస్తే దానికీ ఒక అర్థం ఉంటుంది.

చివరికి మేం ఒక ఇత్తడి చెంబు, ఒక కంచు గిన్నె కొన్నాం. చెంబు మా యాడి చెంబు లాగే గుండ్రంగా ఉంది, పట్టుకుంటే బరువుగా ఉంది. ఇంటికొచ్చి చింతపండుతో తోమాక మెడ కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఒక ఇంటిపేరు, పక్కన ఒక ఆడమనిషి పేరు. ఆ ఇంటిపేరును బట్టి అది పెద్దింటి చెంబని తెలిసిపోయింది.

యాడికి చదువు రాదు. "ఏం రాసుంది?" అని అడిగి చదివించుకుంది. కాసేపు చెంబును చేతిలో తిప్పుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఒక ఊళ్లో మిరపకాయలు కోయడానికి వెళ్లేవాళ్లట. దప్పికైతే వాకిట్లో వంగి దోసిలి పట్టాలి. ఇంటావిడ ఇలాంటి చెంబే ఎత్తి పైనుంచి ధారగా పోసేది. నీళ్లు దోసిట్లోకి వచ్చేవి గానీ చెంబు ఏనాడూ చేతికి రాలేదు.

మాకు నోట మాట రాలేదు. ఇంత తిరిగి, ఇంత పరీక్ష చేసి, యాడిని వాకిట్లో నిలబెట్టిన లాంటి చెంబునే తెచ్చి ఆమె ముందు పెట్టామా అనిపించింది. "ఆ పేరు అరగదీయిస్తాం" అన్నాం. యాడి ఒప్పుకోలేదు. "ఆమె కూడా ఎవరి బిడ్డో. ఉండనీ. దాని కింద నా పేరు కొట్టించండి" అంది.

బజారులో గిన్నెల కొట్టుకు తీసుకెళ్లి కొట్టించాం. ఇప్పుడు మిషనుతో కొడుతున్నారు, రెండు నిమిషాల పని. తన పేరు రాయడం రాని యాడి, వేలితో ఆ అక్షరాలు తడిమి చూసుకుంది.

మనం ఉన్నది పల్నాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని చెప్పుకునే నేల ఇది. కారంపూడి వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ చాపకూడు ఉంది. ఏడాదికి ఒకసారి చాప మీద కుదిరింది, రోజూ వాకిట్లో, పొలం గట్టున ఎందుకు కుదరలేదో యాడి దోసిలిని అడగాలి. మా బల్ల దగ్గర మాత్రం ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరొచ్చినా ఆ చెంబునే చేతికి ఇస్తాం. పాలు పోసే మనిషి వచ్చినా, పక్కింటి పంతులుగారు వచ్చినా అదే చెంబు. అద్దాల బీరువాలో పెట్టలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంటి అటక మీద ఒక గిన్నె మిగిలి ఉంటే కాటాకు వేసే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, అది ఎవరు తెచ్చారో, అందులో ఎవరు తిన్నారో. అవసరమైతే అమ్మండి, తప్పు లేదు, మా బా కూడా అమ్మాడు. కానీ కథ విని, రాసి పెట్టుకుని అమ్మండి. బడుల్లో పనిచేసే టీచర్లకు ఒక మనవి. ఒకరోజు పిల్లల్ని ఇంటి నుంచి ఒక పాత పాత్ర తెమ్మనండి. సొరబుర్ర అయినా సరే, సొట్ట పడిన సత్తు గిన్నె అయినా సరే. ఏమీ లేదని వట్టి చేతులతో వచ్చే పిల్ల కూడా ఉంటుంది. ఆ పిల్లను ముందు మాట్లాడనివ్వండి. ఇంట్లో ఉండాల్సిన పాత్ర ఎటు పోయిందో ఆమెకు తెలిసే ఉంటుంది.