కొత్త టాప్‌కి ఉండలు కట్టాయా? పక్కన పడేయకండి!

పలాస నుంచి టెక్కలి కాలేజీకి రోజూ బస్సులోనే వెళ్తాను. భుజానికి బరువైన బ్యాగు. అందుకే నా టాపులన్నిటికీ ముందు భుజం మీద, బ్యాగు రాసుకునే పక్కన ఉండలు కడతాయి. మిగతా బట్ట కొత్తగానే ఉన్నా చూసేవాళ్ల కళ్లు వాటి మీదే పడతాయి. 'పాతబడిపోయింది, ఇంట్లో వేసుకో' అనేస్తారు. మా అమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. ఒక టాప్‌ని ఇంటి బట్టల్లో కలిపేయడమంటే ఆమె కష్టం కొన్ని రోజులది వృథా చేయడమే.

నిజానికి ఉండలు కట్టినంత మాత్రాన బట్ట పాతదైపోయినట్టు కాదు. నూలులోని పొట్టి పోగులు రాపిడికి పైకి లేచి, ఒకదానికొకటి చుట్టుకుంటాయి. కాటన్ అయితే చాలావరకు వాటంతటవే రాలిపోతాయి. పాలిస్టర్ కలిస్తే ఆ పోగు గట్టిది, ఒక పట్టాన తెగదు. ఉండ అక్కడే వేలాడుతుంది.

మన జిల్లాలోనే పొందూరు ఖద్దరు కోసం పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. పోగులు సాఫీ అయ్యాకే నూలు వడుకుతారు. మిల్లుల్లో ఆ దువ్వే పని మెషీన్లు చేస్తాయి, పొట్టి పోగుల్ని ఏరేస్తాయి. టీషర్టు లేబుల్ మీద 'కోంబ్డ్ కాటన్' అంటే అదే. కొనేటప్పుడు ఆ మాట ఉందేమో చూడండి.

ఇప్పటికే ఉండలు కట్టాయా? మా తమ్ముడు గోళ్లతో లాగబోతే అమ్మ ఒకటే అంటుంది: "పీకకురా, దారం లేచిపోతాది." బట్టని బల్ల మీద పరిచి, ముడతలు లేకుండా పట్టుకుని, కొత్త రేజర్‌తో ఒకే వైపుకి మెల్లగా గీస్తుంది. పప్పు విరగకుండా పొట్టు తీసే చెయ్యి కదా, అస్సలు నొక్కదు. రాలిన పోగుల్ని ప్లాస్టర్ టేపుతో అద్ది తీసేస్తే సరి. ఉండలు తీసే చిన్న మెషీన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అల్లిక వదులుగా ఉన్న స్వెట్టర్లకీ, ఎంబ్రాయిడరీకీ మాత్రం రేజర్ వద్దు.

మళ్లీ కట్టకుండా ఉండాలంటే బట్టని తిరగేసి ఉతకండి. జీన్సులు, టవల్స్‌తో కలపకండి. బ్రష్ పెట్టి రుద్దకండి. మెషీన్ నిండా కుక్కకండి. బ్యాగు రోజూ ఒకే భుజానికి వేయకండి.

వచ్చే నెల మా కాలేజీలో క్యాంపస్ ఇంటర్వ్యూలు. నేను వేసుకెళ్లేది రెండేళ్ల నాటి నీలం టాపే. కొత్తది కొనమని అమ్మని అడగాల్సిన పని లేదు.